బుచ్చిలక్ష్మికి రిటైర్మెంటు ఎప్పుడు?

ఉద్యోగం నుంచి దిగిపోయేవారికి మనవాళ్ళిచ్చే కానుకలు మూడు. ఒక శాలువా, ఒక పూలదండ, ఒక సలహా. శాలువా బీరువాలోకి పోతుంది. దండ మర్నాటికి వాడిపోతుంది. సలహా మాత్రం మనిషిని వదలకుండా ఇంటిదాకా వస్తుంది. "ఇహ హాయిగా విశ్రాంతి తీసుకోండి!" అని వక్తలందరూ వరసపెట్టి అంటారే గాని, ఆ తీసుకోవడం ఎలాగో ఒక్కరూ చెప్పరు.

మా రామకృష్ణాపూర్ లాంటి బొగ్గు ఊళ్ళలో ఈ సంగతి మరీ విడ్డూరంగా ఉంటుంది. గనిలో కొత్తగా దిగబోయే మనిషికి ముందుగా శిక్షణ ఇచ్చి తీరాలని 1966 నాటి నిబంధనలున్నాయి. వీటీసీ అంటే మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. టోపీకి దీపం ఎలా తగిలించుకోవాలి, ఏ కప్పు కింద నిలబడకూడదు, గాలిలో తేడా వస్తే ఏం చెయ్యాలి, అన్నీ అక్కడ నేర్పుతారు. ముప్ఫై అయిదేళ్ళ తరవాత అదే మనిషి చివరిసారిగా పైకొచ్చి దీపం అప్పజెప్పేసిన రోజున, రేపటి నుంచి ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నిలబడకూడదో చెప్పే వీటీసీ మాత్రం ఎక్కడా లేదు.

అందుకే ఆ పాఠం కోసం మనం కథల వంకా సినిమాల వంకా చూస్తాం. తెలుగులో ఆ పాఠానికి పాఠ్యపుస్తకం ఏదంటే చాలామంది నోట ముందుగా వచ్చే పేరు 'మిథునం'. ఈమధ్య మా వాడలో ఒకరి సన్మానంలో కూడా ఎవరో పెద్దమనిషి అదే అన్నారు, "ఇగ అప్పదాసు లెక్క బతకాలె సార్!" అని. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పదాసు లెక్క బతకడం అంటే ఏమిటో, మా ఊళ్ళో అది కుదిరే పనేనో చూద్దామనిపించి కథ మళ్ళీ చదివాను, సినిమా మళ్ళీ చూశాను. ఆ ముచ్చటే ఇది.

శ్రీరమణగారి 'మిథునం' పేరు వినని తెలుగు ఇల్లాలు అరుదు. బాపుగారు ఆ కథ మొత్తాన్నీ తన చేతిరాతతో రాసిపెట్టారంటేనే దాని మీద ఆయనకున్న మక్కువ తెలుస్తుంది. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దీన్నే 'ఒరు చెరు పుంచిరి' పేరుతో మలయాళంలో సినిమాగా తీశారు. 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో తీశారు. తెర మీద కనిపించేది ఇద్దరే ఇద్దరు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. బాలుగారు 2020లోనూ, శ్రీరమణగారు 2023లోనూ వెళ్ళిపోయారు. ముసలి దంపతులు అప్పదాసూ బుచ్చిలక్ష్మీ మాత్రం ఇంకా మన మధ్య కీచులాడుకుంటూనే ఉన్నారు.

కథ ఇంతని చెప్పడానికి ఏమీ లేదు. పల్లెటూరు, సొంత ఇల్లు, ఇంటిచుట్టూ పెరడు. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. ఆయనకి తిండి యావ, మాట మీద పట్టు. ఆవిడకి ఆయన మీద విసుగు, ఆ విసుగు వెనకాల దాచిపెట్టుకున్న ఆపేక్ష. చెట్టూ చేమా, వంటా వార్పూ, అలకలూ రాజీలూ, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. ఏమీ జరగకుండానే మన చేత చివరిదాకా చదివిస్తుంది. అది చిన్న విద్య కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 'మిథునం' చేసిన మేలు ఎంత పెద్దదో తెలియాలంటే దానికి ముందు సంగతి చూడాలి. 1972లో వచ్చిన 'బడిపంతులు' గుర్తుందా? ఎన్టీ రామారావు, అంజలీదేవి. 1958 నాటి కన్నడ 'స్కూల్ మాస్టర్' దానికి మూలం. ఉద్యోగం అయిపోయిన పంతులుగారూ భార్యా కొడుకుల పంచన చేరి, ఒకరికొకరు దూరమై కుమిలిపోతుంటే, హాల్లో మన అమ్మలు కొంగులు తడుపుకున్నారు. ఆ తరహా సినిమాల్లో రిటైర్మెంటు అంటే ఒక ప్రమాదం. ఆ తరవాత బతుకంతా ఒకే ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది, కొడుకులు చూస్తారా, చూడరా? ఇంట్లో పెద్దవాళ్ళకి రోజంతా ఏం తోస్తుందన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. కష్టం చెప్పడానికే రీళ్ళు సరిపోయాయి.

'మిథునం' ఆ ఏడుపు ఆపింది. సినిమాలో అప్పదాసు కూడా రిటైరైన బడిపంతులే, కాని జాలి పడవలసిన పంతులు కాడు. పిల్లలు దగ్గర లేరు, సరే, మనం ఉన్నాం గదా అంటాడు. విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదనీ, చేతులకి ఇష్టమైన పని దొరకడమనీ, నాలుకకి రుచీ నోటికి తగువూ ఉంటే వార్ధక్యం బరువు కాదనీ చూపించాడు. సినిమాలో కాఫీ మీద ఏకంగా ఒక దండకమే ఉంది. ఈ రకం ఉల్లాసం తెలుగులో అంతకుముందు వయసులో ఉన్నవాళ్ళ సొత్తు. దాన్ని ముసలివాళ్ళకి ఇప్పించిన కథ ఇది. అందుకు శ్రీరమణగారికి మనమంతా రుణపడే ఉంటాం.

ఇహ ఆ కథను మా ఊరికి తీసుకొద్దాం.

మా ఊరు తెలియనివారికి రెండు ముక్కలు. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. మందమర్రికి పక్కనే. చుట్టుపక్కల ఆర్కేపీ అంటే చాలు. సింగరేణి క్వార్టర్లు, సూపర్ బజారు, ఏరియా ఆసుపత్రి, ఠాగూర్ స్టేడియం, కాస్త ఎడంగా రవీంద్రఖని రైల్వేస్టేషను. ఇక్కడ గడియారం గోడ మీద ఉండదు, మనిషి ఒంట్లో ఉంటుంది. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. మూడు షిఫ్టులు. ఒక వారం రాత్రి నిద్ర, మరో వారం పగటి నిద్ర. ఈ లెక్కన ముప్ఫై ఏళ్ళు తిరిగిన ఒంటికి, "రేపటి నుంచి నీకు షిఫ్టు లేదు" అంటే ఏమర్థమవుతుంది? సింగరేణిలో రిటైర్మెంటు వయసు అరవై ఉండేది, 2021లో అరవై ఒకటి చేశారు. ఆ వయసు దాటిన ఆర్నెల్లకి కూడా రాత్రి పదింటికి ఉలిక్కిపడి లేచి చొక్కా కోసం వెతుక్కునేవాళ్ళని ఎరుగుదును.

మా గనుల్లో ఇంకో వింత మాట ఉంది, ప్లేడే. వారానికొక సెలవు రోజుకి పెట్టిన పేరది. ఆటవిడుపు అన్నమాట. పేరు పెట్టిన దొర ఎవరో గాని రసికుడే. కాని ప్లేడే నాడు పనికి వెళ్తే జీతం రెట్టింపు. అంచేత ప్లేడే వస్తోందంటే మావాళ్ళు ఆట కోసం కాదు, డ్యూటీ దొరుకుతుందా లేదా అని ఎదురుచూస్తారు. పిల్లల ఫీజులూ, ఆడపిల్ల పెళ్ళిళ్ళూ చాలావరకు ఆ ప్లేడేల మీదే గట్టెక్కాయి. ఆటరోజుని అమ్ముకుని ఇల్లు నడిపిన మనిషి ముందు ఒక్కసారిగా వారానికి ఏడు ప్లేడేలు తెచ్చి కుప్పపోస్తే, వాటిని ఏం చేసుకోవాలో తెలియకపోవడం ఆయన తప్పు కాదు. అప్పదాసుకి ఈ చిక్కు లేదు. ఆయన బడికి సెలవులుండేవి. పెరడు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తీరుబడి ఆయనకి పాత చుట్టం. మా ఊళ్ళో అది కొత్త అల్లుడు. ఎక్కడ కూచోబెట్టాలో తెలియదు, ఎలా మాట్లాడాలో తెలియదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 'మిథునం' హాయికి పునాది సొంత ఇల్లు, పెరడు. బొగ్గు ఊళ్ళో రిటైరైనవాడు ముందుగా చెయ్యవలసిన పని క్వార్టరు అప్పజెప్పడం. ముంగిట పాకించిన బీరపాదూ, ఎరువేసి పెంచిన కరివేపాకు చెట్టూ అక్కడే ఉండిపోతాయి. బొగ్గుగని పింఛను పథకం 1998లో వచ్చింది. సగటు జీతంలో పాతిక శాతం లెక్కగట్టి ఇస్తారు. తరవాత ధరలు పెరిగాయని అది పెరగదు. ఎప్పుడో రిటైరైనవాళ్ళకి ఆ అంకె ఎక్కడ మొదలయిందో దాదాపు అక్కడే నిలబడిపోయింది. అప్పదాసుకి మల్లే రుచులు తలుచుకుని మురవడానికి కూడా జేబు సహకరించాలి గదండీ.

పోనీ, బొగ్గు మీద మనకి సాహిత్యం లేదా అంటే, బోలెడుంది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చందు వంటివారు గని బతుకునీ పోరాటాన్నీ కథలుగా, నవలలుగా రాశారు. నేను చదివినంతలో ఆ పుస్తకాల్లో కార్మికుడు బాయిలోకి దిగుతాడు, దొరని ఎదిరిస్తాడు, కొన్నిసార్లు తిరిగి రాడు. తీరిగ్గా గడపలో కూచున్నవాడు మాత్రం కనబడడు. అది లోపమని అనను. ప్రాణాలతో పైకి రావడమే పెద్ద సంగతైన రోజుల్లో రిటైరయ్యాక ఏం తోస్తుందని ఎవరు ఆలోచిస్తారు? కాని ఫలితం మాత్రం ఇలా ఉంది. మన పుస్తకాల బీరువాలో ఒక అర నిండా తీరిక ఉంది, అందులో గని లేదు. ఇంకో అర నిండా గని ఉంది, అందులో తీరిక లేదు.

ఈ రెండు అరల్లోనూ సరిగ్గా కనబడని మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ గురించే నా అసలు గొడవ.

మా పక్కింటి ఆవిడ భర్త రిటైరై ఏడాది దాటింది. "ఎట్లున్నదమ్మా ఇప్పుడు? సారు ఇంట్లనే ఉంటున్నడు, మంచిగున్నదా?" అని అడిగాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "అక్కా, ఆయన బాయికి పోయిన ఎనిమిది గంటలే నాయి. గవి గూడ బుగులుతోనే పోయేటివి. ఇప్పుడు బుగులు పోయింది. ఎనిమిది గంటలు గూడ పోయినయి."

ఈ మూడు ముక్కల్లో ఉన్నంత విమర్శ నేను ఇన్ని పేజీలు రాసినా చెప్పలేను. బుగులు అంటే ఉత్త భయం కాదు. వేళకాని వేళ సైరన్ కూస్తే పొయ్యి మీద కూర అలాగే వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తడం. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది పోయారు. ఆ వార్త విన్న రోజున బొగ్గు ఊళ్ళలో ఏ ఇంట్లో అన్నం దిగిందో చెప్పండి. భర్త రిటైరయ్యాడంటే ముందుగా రిటైరయ్యేది ఆ బుగులు. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చి పక్కన ఆయన గురక వినపడితే మళ్ళీ హాయిగా కళ్ళు మూసుకోవడం, ఇది మా ఊరి ఆడవాళ్ళకి తెలిసిన విశ్రాంతి. ఏ పెరట్లోనూ పూయని పువ్వు. 'మిథునం'లో దీనికి చోటు లేదు, ఉండనక్కరలేదు కూడాను. ఆ ఇంట్లో బుగులు లేదు గనక.

కాని ఆవిడ చెప్పిన రెండో సంగతి మాత్రం 'మిథునం'లోకి నేరుగా వెళ్ళి తగులుతుంది. ఆ ఎనిమిది గంటలు ఎక్కడికి పోయాయి? షిఫ్టున్న రోజుల్లో ఆయన వెళ్ళాక ఆవిడ ఓ గంట నడుం వాల్చేది, వార్తా వారపత్రికా చదివేది, నలుగురితో కూచుని పూలు కట్టేది. ఇప్పుడు పదకొండింటికి చాయ్, ఒంటిగంటకి అన్నం, నాలుగింటికి మళ్ళీ చాయ్, మధ్యలో కళ్ళజోడు ఎక్కడ, టీవీ రిమోటు ఎక్కడ. ఆయన షిఫ్టు ఒక్కటీ పోయింది, ఆవిడకి మూడు షిఫ్టులూ వచ్చి పడ్డాయి. ప్లేడే కూడా లేదు.

ఇప్పుడు బుచ్చిలక్ష్మిని చూడండి. అప్పదాసు సోమరి అని నేననను. పెరట్లో చెట్టుకీ చేమకీ ఆయన చెయ్యి తగలనిదే పొద్దుపోదు. కాని ఆయన ఉల్లాసాలన్నీ ఏ దారిన బయలుదేరినా చివరికి వంటింటి గుమ్మం దగ్గరే ఆగుతాయి. ఆయన కోరిక పుట్టించడంలో కవి. ఆవిడ ఆ కవిత్వాన్ని పొయ్యి మీద పెట్టి ఉడికించాలి. ఆయన ఉద్యోగం మానేశాక విశ్రాంతిగా ఉన్నారు. ఆవిడ పెళ్ళయిన నాటి నుంచి చేస్తున్న ఉద్యోగంలోనే ఉన్నారు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే ముద్దూ మురిపెంలో ఉన్నట్టే కనబడతారు. కాని ఒకరిది సెలవు, ఒకరిది డ్యూటీ. కథ మాధుర్యంలో ఈ తేడా పాలలో నీళ్ళలా కలిసిపోయింది, అంతే.

చివర్లో అప్పదాసు ముందుగా వెళ్ళిపోతాడు. అప్పుడు బుచ్చిలక్ష్మి బయటపెట్టే సంగతి మనందరి చేతా కంటతడి పెట్టించింది. ఆయనే ముందు పోవాలని తాను కోరుకుందట. తను లేకపోతే ఆయన్ని చూసేవారెవరు, ఆయన బతకలేడు అని. పసుపుకుంకాలతో పోవాలని నోములు నోచే దేశంలో ఒక ఆడది ఆ కోరిక కోరుకోవడం ఎంత పెద్ద త్యాగమో మీకు వేరే చెప్పాలా? మొదటిసారి చదివినప్పుడు నేనూ అందరిలాగే ఏడ్చాను. ఈసారి కళ్ళు తుడుచుకున్నాక ఒక ప్రశ్న మిగిలింది. అంత రసికుడు, అన్ని పనులు తెలిసినవాడు, తన పళ్ళెంలోకి తను అన్నం పెట్టుకుని బతకడం ఒక్కటీ ఎందుకు నేర్చుకోలేదు? నేర్చుకుని ఉంటే ఆ మహాతల్లికి అలాంటి మొక్కు మొక్కుకోవలసిన అగత్యం ఉండేది కాదు గదా!

మనం ప్రేమ అని ఏడ్చినదాంట్లో సగం ప్రేమే. మిగతా సగం దిగులు, నేను డ్యూటీ దిగితే ఈ పనికి రిలీవరు లేడే అని. షిఫ్టుల ఊళ్ళో ఉండటం వల్ల నాకు అలా అనిపించింది కాబోలు. గనిలో తరవాతి షిఫ్టువాడు రాకపోతే ఉన్నవాడు ఆగిపోవాలి. బుచ్చిలక్ష్మి రిలీవరు కోసం జీవితమంతా ఎదురుచూసి, రాడని తేల్చుకుని, ఆ పనే ముందు ముగిసిపోవాలని దేవుణ్ణి అడిగింది.

ఈ చూపు మన ఒక్కరి కథలోనే లేదు. ఇంగ్లండులో డి.హెచ్. లారెన్సు అనే పెద్ద రచయిత బొగ్గుగని కార్మికుడి కొడుకు. 1930లో చనిపోయాడు. చివరి రోజుల్లో తను పుట్టిన నాటింగ్‌హాం గనుల సీమ గురించి ఒక వ్యాసం రాశాడు. చీకట్లో పనిచేసే కార్మికులకి అందం మీద సహజమైన దాహం ఉంటుందనీ, పైకొచ్చాక ఇంటివెనక తోటలో ఒక పువ్వు ముందు మైమరిచి నిలబడిపోతారనీ అందులో ఎంతో చక్కగా చెప్పాడు. అది చదువుతుంటే మా వాడలో సాయంత్రం పూట మందారమొక్క ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే పెద్దాయనలే కళ్ళముందు మెదిలారు. కాని లారెన్సు అక్కడితో ఊరుకోలేదు. ఇంట్లో ఆడవాళ్ళకి వస్తువుల మీద యావ ఎక్కువనీ, ఆ సణుగుడు పడలేకే మగవాళ్ళు బయటికి పారిపోయేవారనీ కూడా అన్నాడు. అయ్యా, ఆయన పువ్వు ముందు నిలబడ్డ ఆ అరగంటా లోపల నీళ్ళు కాచిందెవరు, బొగ్గు మసి బట్టలు ఉతికిందెవరు?

తమాషా ఏమిటంటే, ఇదే లారెన్సు 1913 నాటి తన 'సన్స్ అండ్ లవర్స్' నవలలో, గని నుంచి రాని మొగుడి కోసం అన్నం వండి పెట్టుకుని కూచున్న ఇల్లాలి మనసుని ఎవరూ చెప్పనంత బాగా చెప్పాడు. వ్యాసకర్త మరిచిపోయాడు గాని నవలాకారుడు మరిచిపోలేదు. శ్రీరమణగారి దగ్గర కూడా అదే జరిగిందని నా అనుమానం. కథ పొడుగునా అప్పదాసు పక్షం వహించిన ఆ చెయ్యి, ఆఖర్న నిజం చెప్పవలసి వచ్చేసరికి బుచ్చిలక్ష్మి నోటికే మాట అందించింది. మంచి కథకి అదే గుర్తు. రచయిత ముచ్చటపడ్డదాని కన్న ఎక్కువ నిజం అందులో మిగిలిపోతుంది. దాన్ని చూడకుండా కమ్మటి వాసన మాత్రమే పీల్చుకుని, "అప్పదాసు లెక్క బతకండి" అని సలహా ఇచ్చేవాళ్ళదే తప్పు.

"ఆవిడకి అదే ఆనందమమ్మా, నీకెందుకు బాధ?" అంటారు కొందరు. కావచ్చు. వండిపెట్టడంలో ఆనందం లేదని నేను చస్తే అనను. కాని ఆనందమైన పనికి కూడా అలసట ఉంటుంది. తోటపని అప్పదాసుకి ఆనందమే, ఒళ్ళు బాగాలేని నాడు మానేస్తాడు. ఆవిడకి ఆ మానేసే వీలుందా? మానేసే వీలున్నదే సరదా, వీల్లేనిది డ్యూటీ. తేడా అంతా అక్కడే ఉంది.

అసలు మన మాటల్లోనే ఒక తిరకాసు ఉంది. 'విరమణ' చూడండి. రమించడంలో ఉన్న ధాతువే అందులోనూ ఉంది, 'వి' చేరి ఆగిపోవడం అయింది. ఆగడానికీ ఆనందానికీ మూలం ఒకటేనని పెద్దలు అనుకున్నారో ఏమో! బాగానే ఉంది. కాని మనం రోజూ వాడే మాట 'తీరిక'. తీరడం నుంచి వచ్చింది. పని తీరాక మిగిలేది తీరిక. గనిలో పని సైరన్‌తో తీరుతుంది, ఆఫీసు పని అయిదింటికి తీరుతుంది. ఇంటిపని ఎప్పుడు తీరుతుంది? అంట్లు తోమితే రాత్రికి మళ్ళీ అంట్లు. పని తీరాకే తీరిక అనే లెక్కన చూస్తే ఆడదానికి ఈ జన్మలో తీరిక లేదు.

దీనికి విరుగుడు కూడా మన ఊళ్ళలోనే ఉంది. బతుకమ్మ ఎరగనివాళ్ళెవరు? ఆ తొమ్మిది రోజులూ మా ఆర్కేపీ ఆడవాళ్ళు పని తీరిందా లేదా అని చూడరు. సాయంత్రమైందంటే తంగేడూ గునుగూ పేర్చుకుని బయలుదేరతారు. పొయ్యి మీద ఏమీ లేకపోతే లేకపోయింది. పొద్దున్నది పెట్టుకుని తింటారు మగవాళ్ళు, ఒక్కరూ పల్లెత్తు మాట అనరు. దాన్ని బతుకమ్మ 'ఆడటం' అనే అంటాం. నిజమైన ప్లేడే అంటే అదీ! తీరిక మిగిలితే ఆడుకోవడం కాదు, ఆటకి వేళ ముందు కేటాయించి పనిని దాని చుట్టూ సర్దుకోవడం. తొమ్మిది రోజులు చెయ్యగలిగినది ఏడాది పొడుగునా రోజుకి రెండు గంటల లెక్కన చెయ్యలేమా?

రిటైరైన మగవారికి కూడా ఇందులో మేలుంది. రోజంతా ఖాళీ అని భయపడే మనిషికి ఇంట్లో ఒక షిఫ్టు అప్పజెప్పండి. సాయంత్రం చాయ్ షిఫ్టు కావచ్చు, రాత్రి వంట షిఫ్టు కావచ్చు. ముప్ఫై ఏళ్ళు మస్టరు పడిన మనిషికి వేళంటే గౌరవం ఉంటుంది, నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. స్టేడియం చుట్టూ నడకా, చాయ్ దుకాణం దగ్గర ముచ్చట్లూ, మనవడితో గాంధారి వనం షికారూ ఆ పని తరవాత మరింత రుచిగా ఉంటాయి. మా వాడలో ఒకాయన రోజూ సాయంత్రం కూరగాయలు తరిగి పెడుతున్నారు. మొదట్లో నలుగురూ నవ్వారు. ఇప్పుడు ఆ వేళకి ఆయన్ని చాయ్‌కి పిలవడం మానేశారు. "సారు డ్యూటీల ఉన్నడు" అంటారు, హాస్యానికే అనుకోండి, కాని అందులో మర్యాద కూడా ఉంది.

కాలం కూడా మారుతోంది. ఆడవాళ్ళు భూగర్భ గనుల్లో పనిచెయ్యకూడదని 1952 నాటి చట్టం పెట్టిన అడ్డును 2019లో కేంద్రం కొంతవరకు సడలించింది. మాటవరసకి మా పిల్లల్లో ఒకమ్మాయి రేపు గనిలో అధికారిగా చేరి, అరవై ఒకటో ఏట శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చిందనుకోండి. ఆవిడకి "హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి, ఇంటికి రాగానే గరిటె చేతికిస్తామా? ఆ రోజు వచ్చేలోపు మనకి 'మిథునం' పక్కన పెట్టుకోదగ్గ ఇంకో కథ కావాలి. అందులో పెరడు లేకపోయినా ఫరవాలేదు. రెండు గదుల ఇల్లు, ఇద్దరు ముసలివాళ్ళు, రెండు కుర్చీలు. ఇద్దరూ ఒకే వేళకి కూర్చోగలిగితే చాలు. మా బొగ్గు ఊళ్ళ రచయితలు పని గురించి రాసినంత బలంగా ఆ కూర్చోవడం గురించి కూడా రాస్తే చదవాలని ఉంది.

అంతదాకా 'మిథునం' మళ్ళీ చదవండి. ఎన్నిసార్లు చదివినా తరగని కథే, సందేహం లేదు. కాకపోతే ఈసారి మీరు కుర్చీలో కూచుని చదవండి, కాఫీ ఆయన్ని కలిపి తెమ్మనండి. పంచదార ఎక్కువైతే ఏమీ అనకండి. రెండో రోజుకి అదే కుదురుతుంది.